అతికించిన ముఖాలు

అమెరికాలో మాడిసన్ ఊళ్ళోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం 2000లో కొత్త విద్యార్థుల కోసం ఒక అడ్మిషన్ల పుస్తకం అచ్చేసింది. అట్ట మీద ఫుట్‌బాల్ మ్యాచ్ చూస్తూ కేరింతలు కొడుతున్న కుర్రకారు. చూడబోతే అంతా తెల్లవాళ్ళే. అట్ట మీదే ఇలా ఉంటే లోకం ఏమనుకుంటుందని అనిపించింది కాబోలు, ఒక నల్లజాతి విద్యార్థి ఫొటో వెతికి, ముఖం కత్తిరించి, ఆ గుంపులో అతికించారు. పాపం ఆ అబ్బాయి ఆ మైదానంలో ఒక్క ఆటా చూసి ఎరగడు. గుట్టు బయటపడ్డాక పెద్దలు క్షమాపణ చెప్పి పుస్తకం మళ్ళీ అచ్చేయించుకున్నారు.

పందొమ్మిదేళ్ళకు, 2019 మార్చిలో, ఇంకో అతుకుల బాగోతం బయటపడింది. విలియం రిక్ సింగర్ అనే దళారి సినిమా తారల పిల్లలకీ, పెట్టుబడి కంపెనీల అధిపతుల పిల్లలకీ పెద్ద కాలేజీల్లో సీట్లు ఇప్పించాడు. పడవ ముఖం చూడని పిల్ల పడవ పందేల క్రీడాకారిణి అయింది. వాటర్ పోలో అంటే ఏమిటో తెలియని పిల్లాడు ఆ ఆటలో మొనగాడయ్యాడు. ఎవరో ఆటగాడి ఒంటి మీద శ్రీమంతుల బిడ్డ తల అతికించడం సింగర్ కంపెనీకి మామూలు పని. నటి లోరి లాఫ్లిన్ దంపతులు ఇద్దరు కూతుళ్ళ కోసం 5 లక్షల డాలర్లు ముట్టజెప్పారు. ఆవిడకు పడిన శిక్ష రెండు నెలలు. పరీక్ష పేపర్లో జవాబులు దిద్దించిన ఇంకో నటి ఫెలిసిటీ హఫ్‌మన్‌కు 14 రోజులు. మన దగ్గర బస్సులో టికెట్ లేకుండా దొరికినవాడు అంతకంటే ఎక్కువ మాటలు పడతాడు.

రెండూ ఫొటోషాపే. మొదటిది కాలేజీ చేసింది కాబట్టి ప్రచారం, రెండోది దళారి చేశాడు కాబట్టి నేరం. అమెరికా పెద్ద చదువుల సంగతి అర్థం కావాలంటే ఈ రెండు బొమ్మలనూ పక్కపక్కన పెట్టుకుంటే చాలు. బయట అట్ట మీద నల్ల ముఖం అతికిస్తారు. లోపల సీట్లో డబ్బున్న ముఖం అతుక్కుని ఉంటుంది.

సింగర్ తన ఖాతాదారులకు చెప్పుకున్న వ్యాపార సూత్రం మాత్రం మెచ్చుకోవాలి. కాలేజీకి మూడు గుమ్మాలున్నాయట. ముందు గుమ్మం చదువుకున్నవాడిది. వెనక గుమ్మం కాలేజీకి భారీ విరాళం రాసిచ్చేవాడిది. ఈ రెంటికీ మధ్య తానొక పక్క గుమ్మం పెట్టాడు. వెనక గుమ్మం ఖర్చు తన రేటుకి పదింతలు ఉంటుందనీ, అంత పోసినా సీటు గ్యారంటీ లేదనీ తల్లిదండ్రులకు విడమరిచి చెప్పాడు. 2023 జనవరిలో కోర్టు అతనికి మూడున్నరేళ్ళ జైలు వేసింది. వెనక గుమ్మం దగ్గర నిలబడి పదింతలు పుచ్చుకునేవాళ్ళకు మాత్రం భవనాల మీద పేర్లు చెక్కే పని ఒత్తిడి తప్ప వేరే ఇబ్బంది లేదు. సింగర్ అసలు నేరం చవగ్గా అమ్మడం.

అనుమానం ఉంటే డానియెల్ గోల్డెన్ అనే పాత్రికేయుడు 2006లో రాసిన 'ద ప్రైస్ ఆఫ్ అడ్మిషన్' తిరగెయ్యండి. న్యూజెర్సీ రియల్ ఎస్టేట్ ఆసామి చార్లెస్ కుష్నర్ 1998లో హార్వర్డ్‌కు 25 లక్షల డాలర్లు ఇస్తానని మాటిచ్చారనీ, తర్వాత కొద్దికాలానికే కొడుకు జారెడ్‌కు అక్కడ సీటొచ్చిందనీ అందులో ఉంది. రెంటికీ సంబంధం లేదని కుటుంబం చెప్పింది. ఉండకపోవచ్చు. కాకతాళీయాలు కూడా డబ్బున్నవాళ్ళ ఇళ్ళలోనే ఎక్కువ జరుగుతాయి.

ఇప్పుడు ఆ అట్ట బొమ్మ వెనకున్న డైవర్సిటీ (వైవిధ్యం) అనే పవిత్ర పదం ఎక్కణ్ణుంచి దిగిందో చూద్దాం. బానిసత్వం, ఆ తర్వాత వందేళ్ళ వెలి కలిసి నల్లవాళ్ళకు చేసిన అన్యాయాన్ని సరిదిద్దాలి అన్నది 1960లలో మొదలైన ఆలోచన. అది అప్పు తీర్చడం లాంటి మాట. అలన్ బాకీ అనే తెల్ల ఇంజనీరు, మెడికల్ సీటు రాలేదని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం మీద వేసిన కేసులో సుప్రీంకోర్టు 1978లో తీర్పిచ్చింది. బాకీ కేసులోనే బాకీ కొట్టేశారు. సమాజం చేసిన పాత తప్పుల్ని సరిదిద్దే పని కాలేజీలది కాదన్నారు జస్టిస్ లూయిస్ పావెల్. అయితే తరగతిలో రకరకాల పిల్లలుంటే అందరి చదువూ బాగుపడుతుంది కాబట్టి, ఆ లెక్కన జాతిని కూడా ఒక అంశంగా చూసుకోవచ్చని దారి చూపించారు. అందుకు ఆదర్శంగా హార్వర్డ్ పద్ధతిని తీర్పుకు జతచేశారు. ఐడహో రాష్ట్రపు రైతుబిడ్డ బోస్టన్ పిల్లాడు ఇవ్వలేనిది ఏదో ఇవ్వగలడని ఆ కాగితంలో ఉంది.

మర్మం గమనించారా? అన్యాయానికి గురైనవాడికి సీటు వాడి కోసం కాదట, పక్క సీట్లో కూర్చున్న శ్రీమంతుడి బిడ్డ జ్ఞానం పెరగడం కోసమట. గ్లోబు, అస్థిపంజరం, రసాయనశాల, ఒక నల్లజాతి విద్యార్థి: ఇవీ బోధనోపకరణాలు. ఐడహో రైతుబిడ్డ ఆ కాగితంలో అందంగా ఉన్నాడు. క్లాసులో వెతకాలంటేనే భూతద్దం కావాలి.

ఆ భూతద్దం ఆర్థికవేత్త రాజ్ చెట్టి బృందం తెచ్చింది. లక్షల కుటుంబాల పన్ను రికార్డులు తీసి 2017లో వాళ్ళు తేల్చిందేమిటంటే, అమెరికాలో 38 కాలేజీల్లో అడుగునున్న 60 శాతం ఇళ్ళ పిల్లలందరికంటే పైనున్న 1 శాతం ఇళ్ళ పిల్లలే ఎక్కువ. యేల్, ప్రిన్స్‌టన్, బ్రౌన్, డార్ట్‌మత్, పెన్సిల్వేనియా ఆ జాబితాలో ఉన్నాయి. సెయింట్ లూయిస్ లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయానిది ప్రథమ బహుమతి. అక్కడ 1 శాతం ఇళ్ళ పిల్లలు 21.7 శాతం, 60 శాతం ఇళ్ళ పిల్లలు 6.1 శాతం. పైవర్గం అంటే ఏడాదికి సుమారు 6 లక్షల 30 వేల డాలర్లు దాటిన సంపాదన. అడుగు 60 శాతం అంటే 65 వేల లోపు. అంటే దేశంలో సగం పైన.

పేదలు చదవలేదేమోలే అని సరిపెట్టుకునేవాళ్ళ నోరు 2023లో అదే బృందం మూయించింది. ప్రవేశ పరీక్షలో ఒకే మార్కులు తెచ్చుకున్న ఇద్దరు పిల్లల్ని తీసుకుంటే, మధ్యతరగతి పిల్ల కంటే 1 శాతం ఇంటి పిల్లకు పెద్ద ప్రైవేటు కాలేజీల్లో చేరే అవకాశం రెట్టింపు కంటే ఎక్కువ. సీట్లివ్వడంలో తేడాకు కారణాలు మూడు చెప్పారు. అమ్మో నాన్నో అక్కడే చదవడం, ఆటల కోటా, చదువుతో సంబంధం లేని 'వ్యక్తిత్వ' మార్కులు. ప్రభుత్వం నడిపే పెద్ద విశ్వవిద్యాలయాల్లో ఈ తేడా కనిపించలేదని కూడా చెప్పారు.

ఆటలంటే మళ్ళీ మీరు కబడ్డీ అనుకునేరు. వాటర్ పోలో, స్క్వాష్, కత్తిసాము, పడవ పందెం. ఊళ్ళో ప్రైవేటు క్లబ్బు, సరస్సు, కోచ్, ఇవన్నీ ఉన్న ఇంట్లో మాత్రమే సహజంగా పుట్టే ప్రతిభ ఇది. జాతి చూసి సీట్లిస్తోందంటూ హార్వర్డ్ మీద పడిన కేసులో బయటపడిన కాగితాల్ని తిరగేసిన ఆర్థికవేత్తలు, అక్కడ సీటొచ్చిన తెల్ల విద్యార్థుల్లో 43 శాతం పైగా నాలుగు బాపతులవాళ్ళని తేల్చారు: ఆటగాళ్ళు, పూర్వ విద్యార్థుల సంతానం, డీన్‌గారి ప్రత్యేక జాబితాలోవాళ్ళు, సిబ్బంది పిల్లలు. ఈ అండ లేకపోతే వాళ్ళలో నాలుగింట మూడొంతుల మందికి సీటొచ్చేది కాదన్నది కూడా వాళ్ళ లెక్కే. దీన్నక్కడ రిజర్వేషన్ అనరు. సంప్రదాయం అంటారు.

ఆ సంప్రదాయానికి పుట్టుమచ్చలు కూడా ఉన్నాయి. 1920ల్లో హార్వర్డ్‌లో యూదు విద్యార్థులు ఐదో వంతు దాటారు. కష్టపడి చదివి పరీక్ష రాసి వచ్చేశారు, అదే వాళ్ళ తప్పు. అధ్యక్షుడు లారెన్స్ లోవెల్ 1922లో వాళ్ళకు 15 శాతం హద్దు గీద్దామన్నాడు. అధ్యాపకులు బాహాటంగా ఒప్పుకోలేదు. సరే, అప్లికేషన్ మారింది. జాతి, వర్ణం ఏమిటి? తల్లి పుట్టింటి పేరేమిటి? మీ పేరుగానీ మీ తండ్రి పేరుగానీ పుట్టాక మార్చారా? ఇంటిపేరు అడిగి కులం కూపీ లాగే విద్య మన పెళ్ళిళ్ళ పేరయ్యల సొంతమని మనం ఊరికే మురిసిపోతున్నాం. ఆ తర్వాత కొన్నేళ్ళలో మార్కులు వెనక్కి, 'శీలం' ముందుకి వచ్చాయి. పూర్వ విద్యార్థుల బిడ్డలకు పీట వేయడం కూడా ఆ రోజుల్లోనే పెద్ద కాలేజీల్లో స్థిరపడింది. వందేళ్ళ తర్వాత అదే హార్వర్డ్ ఆసియా పిల్లలకు 'వ్యక్తిత్వం'లో సగటున తక్కువ మార్కులు వేస్తోందని కోర్టులో తేలింది. శీలం పరీక్షించే కళ్ళద్దాలు కూడా వంశపారంపర్యమే అన్నమాట.

నల్లజాతి సీట్ల సంగతైనా సజావుగా ఉందా? 2004లో హార్వర్డ్ ఆచార్యులు హెన్రీ లూయిస్ గేట్స్, లానీ గినియర్ ఒక ఇబ్బందికరమైన ప్రశ్న వేశారు. మన దగ్గర ఉన్న నల్ల విద్యార్థుల్లో ఎక్కువమంది కరీబియన్, ఆఫ్రికా దేశాలనుంచి వలస వచ్చినవాళ్ళ పిల్లలో, మిశ్రమ దంపతుల పిల్లలో కదా, మిసిసిపీ పత్తి చేలల్లో చాకిరీ చేసిన బానిసల ముని మనవలు ఎక్కడ? బ్రోచర్‌కు రంగు కావాలి, అంతే. ఆ రంగు వెనకాల ఏ ఇల్లుందో కెమెరాకు కనిపించదు.

సీటొచ్చిన కొద్దిమంది పేదపిల్లల కథ ఆంథొనీ అబ్రహాం జాక్ 2019లో రాసిన 'ద ప్రివిలెజ్డ్ పూర్' పుస్తకంలో ఉంది. తానే పేద ఇంటినుంచి పెద్ద కాలేజీకి వెళ్ళినవాడు. వసంతకాలం సెలవులకు డబ్బున్న పిల్లలు సముద్రతీరాలకు ఎగిరిపోతారు, కాలేజీ భోజనశాలలకు తాళం పడుతుంది. టికెట్ డబ్బుల్లేక హాస్టల్లోనే మిగిలిపోయినవాళ్ళు ఆ వారం పస్తులుంటారు. చేతిఖర్చుల కోసం ఆ పిల్లలే తోటి విద్యార్థుల మరుగుదొడ్లు కడిగే పనికి కుదురుతారు. కార్యక్రమాలకు ఉచిత టికెట్లు ఇస్తారు, కానీ తీసుకోవడానికి వేరే వరస. పెద్దింటి పెళ్ళిలో బంతిభోజనం గుర్తొస్తుంది నాకు. అందరినీ పిలుస్తారు, కానీ పందిరి చివరి ఆకులు ఎవరివో వడ్డించేవాడికి చెప్పనక్కర్లేదు. కోట్ల డాలర్ల మూలధనం ఉన్న సంస్థలకు వారం రోజులు వంటవాణ్ణి నిలుపుకోవడం అన్నాళ్ళూ తోచలేదంటే, భోజనాల వేళ లెక్క పెట్టుకున్నది ఎవర్నో తెలుస్తూనే ఉంది.

ఇక అమెరికాలోని మనవాళ్ళు. ఎడిసన్, ఫ్రిస్కో, ఫ్రీమాంట్ డ్రాయింగ్ రూముల్లో ఈ కబుర్లు రానిదే ఉగాది పచ్చడి దిగదు.

"మావాడికి అన్నీ ఫుల్ మార్కులండీ. అయినా హార్వర్డ్ వాడు పక్కన పెట్టేశాడు. ఇండియాలో రిజర్వేషన్ల బాధ పడలేకే కదా వచ్చాం, ఇక్కడా అదే గోల!"

ఈ మాటలన్నవారు వరంగల్ ఆర్ఈసీలోనో ఉస్మానియాలోనో సర్కారు సొమ్ముతో నామమాత్రపు ఫీజు కట్టి ఇంజనీరింగ్ చదివి ఉంటారు. 1965 వలస చట్టం, ఆపైన 1990లో మొదలైన హెచ్-1బి వీసా, చదువుకున్నవాళ్ళను ఏరి మరీ తీసుకెళ్ళాయి. 2003లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం తరఫున జరిగిన సర్వేలో అమెరికా భారతీయుల్లో దళితులు, అట్టడుగు కులాలవాళ్ళు కలిపి 1.5 శాతం తేలారు. రెండు జల్లెళ్ళు దాటి మిగిలిన బియ్యాన్ని పట్టుకుని చూశారా మా చేను గొప్పదనం అంటున్నారు. అలా మాట్లాడేవాళ్ళ పిల్లలే కాలేజీ బ్రోచర్లో డైవర్సిటీ. వాళ్ళ పక్కన అదే 'ఆసియా' గడిలో యుద్ధాలనుంచి పారిపోయి వచ్చిన కంబోడియా శరణార్థి కూతురూ, లావోస్ కొండల మోంగ్ రైతు మనవడూ కూర్చోవాలి. గడి ఒక్కటే. బ్యాంకు పాసుపుస్తకాలు చూపించమని ఎవరూ అడగరు.

సీటు కోసం మనవాళ్ళ సరంజామా చూడండి: వ్యాసం రాయించే కన్సల్టెంటు, సంగీతం మాస్టారు, కత్తిసాము కోచ్, వేసవిలో గుడివాడ దగ్గర తాతగారి ఊరి బడికి రెండు కంప్యూటర్లు ఇచ్చి నాలుగు ఫొటోలు. ఆ ఫొటోల్లో చెప్పుల్లేని పిల్లలు నవ్వుతూ ఉండాలి. దాని మీద 'నా కళ్ళు తెరిపించిన పల్లె' అని ఒక వ్యాసం. ఆ బడిలో చదువుకునే పిల్లకు హార్వర్డ్ సీటు రావడం కల్ల, కానీ ఆమె ముఖం మాత్రం ఇంకొకరి అప్లికేషన్‌లో అతుక్కుని అక్కడిదాకా వెళుతుంది.

ఎడ్వర్డ్ బ్లమ్ అనే తెల్లాయన 2014లో ఆసియా విద్యార్థుల పేరు మీద హార్వర్డ్‌పై దావా వేయించాడు. 2023 జూన్ 29న సుప్రీంకోర్టు జాతి చూసి సీట్లివ్వడం చెల్లదంది. మన వాట్సాప్ గ్రూపులు దీపావళి చేసుకున్నాయి. మెరిట్ గెలిచిందట! తండ్రిని చూసి సీటివ్వడం గురించి అదే గ్రూపుల్లో అంత చప్పుడు వినలేదు నేను. తీర్పుతో ఏకీభవించిన జస్టిస్ నీల్ గోర్సచ్ కూడా దాతల, పూర్వ విద్యార్థుల పిల్లల కోటా సంగతి ఎత్తి చూపారు. మనవాళ్ళకు అది వినిపించలేదు. ఎందుకు వినిపిస్తుంది? ఈ ఏడు పెద్దమ్మాయికి కార్నెల్‌లో సీటొస్తే, పాతికేళ్ళకు మనవడు పూర్వ విద్యార్థి సంతానం. ఎక్కబోయే నిచ్చెనను ఎవరు విరగ్గొట్టుకుంటారు?

దాతల గుమ్మం మనకు కొత్తా ఏమన్నానా! క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్ 1983లోనే చట్టం చేసింది. ఆ వ్యవహారం మీద 1993లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉన్నికృష్ణన్ తీర్పులో ప్రతివాది మన రాష్ట్రమే. అన్ని చట్టాలూ, అన్ని తీర్పులూ దాటుకుని మేనేజ్‌మెంట్ కోటా, ఎన్నారై కోటా నిక్షేపంలా నిలబడ్డాయి. డబ్బు పెట్టి కొన్న సీటులో చదివినవాడు రిజర్వేషన్ సీటులో చదివినవాణ్ణి చూసి మెరిట్ లేదనడం మన దగ్గర మామూలే. ఆ సంస్కారాన్ని విమానంలో లగేజీ చార్జీ లేకుండా మోసుకెళ్ళాం.

దానికి కొసమెరుపు ఒకటుంది. కులం పేరుతో వివక్ష చూపకూడదని కాలిఫోర్నియా స్టేట్ విశ్వవిద్యాలయం 2022లో నిబంధన చేర్చింది. రాష్ట్రమంతటా అదే చట్టం చేద్దామని 2023లో శాసనసభ బిల్లు పాస్ చేస్తే, భారతీయ సంఘాలు కొన్ని గగ్గోలు పెట్టాయి. అక్టోబరులో గవర్నర్ గావిన్ న్యూసమ్ ఆ బిల్లును తిప్పికొట్టారు. రంగు చెప్పుకుంటే డైవర్సిటీ, కులం అడిగితే మనోభావాలు!

కోర్టు తీర్పు తర్వాత ఎవరికేం ఒరిగిందో కూడా చూడాలి. ఎంఐటీలో 2024లో చేరిన బ్యాచ్‌లో నల్ల విద్యార్థులు 5 శాతం. అంతకుముందు సగటున 13 ఉండేవాళ్ళు. ఆసియా వాళ్ళు 41 నుంచి 47కి పెరిగారు. ఎంఐటీకి పూర్వ విద్యార్థుల కోటా అనే జబ్బు లేదు కాబట్టి దాన్ని వదిలేద్దాం. మిగతా పెద్ద కాలేజీల్లో చాలాచోట్ల కోర్టు పీకేసింది పేదలకు ఎంతోకొంత పనికొచ్చిన ఒక్క మెట్టునే. పెద్దల మెట్లు పాలరాతివి, అవి అలాగే ఉన్నాయి.

సీటిచ్చేటప్పుడు మేము డబ్బు వంకే చూడం అనేది వీళ్ళ ఇంకో పాట. అలా పాడుతూనే విద్యార్థి సాయం తగ్గించడానికి తమలో తాము కూడబలుక్కున్నారంటూ 2022 జనవరిలో పేరున్న విశ్వవిద్యాలయాల మీద కేసు పడింది. యేల్, కొలంబియా, డ్యూక్, బ్రౌన్, చికాగో సహా చాలామంది తప్పు ఒప్పుకోకుండానే కోట్ల డాలర్లు కట్టి రాజీపడ్డారు. డబ్బు వంక చూడనివాళ్ళు ఇంత డబ్బు ఎలా లెక్కపెట్టారో మరి.

వాల్టర్ బెన్ మైకేల్స్ అనే ఆచార్యుడు 2006లోనే 'ద ట్రబుల్ విత్ డైవర్సిటీ' రాసి, రంగుల లెక్కలో పడి ఆస్తుల లెక్క మరిచిపోయారని మొత్తుకున్నాడు. కాలేజీలు ఆ పుస్తకాన్ని సిలబస్‌లో పెట్టగలవు. అడ్మిషన్ల ఆఫీసులో పెట్టడం కష్టం. రంగు మార్చడానికి అట్ట మీద ఒక ముఖం చాలు. తరగతి మార్చాలంటే ధనికుడి బిడ్డను లేపి పేదవాడి బిడ్డను కూర్చోబెట్టాలి. విరాళాల శాఖ ఒప్పుకోదు.

నమ్మకం కుదరకపోతే కాలిఫోర్నియాలో జరిగింది వినండి. పూర్వ విద్యార్థుల, దాతల పిల్లలకు పీట వేయొద్దని ఆ రాష్ట్రం 2024లో తన సొమ్ము పుచ్చుకునే ప్రైవేటు కాలేజీలకూ వర్తించేలా చట్టం చేసింది. స్టాన్‌ఫర్డ్ 2025లో తీరిగ్గా ఆలోచించి ఒక నిర్ణయం తీసుకుంది. పూర్వ విద్యార్థుల పిల్లల వాటా అలాగే ఉంచుకుంటుందట. అందుకోసం పేదపిల్లలకు రాష్ట్రం ఇచ్చే కాల్ గ్రాంట్ పథకంలోంచి తప్పుకుని, ఆ సొమ్మేదో తన జేబులోంచే సర్దుతుందట. రెంటిలో ఏది వదులుకోవాలో తేల్చుకోమంటే ఏది వదిలిందో చూశారు కదా.

కాబట్టి ఎడిసన్ అన్నగారూ, ఫ్రిస్కో వదినగారూ, ఒక్క మనవి. ఈసారి పిల్లాణ్ణి తీసుకుని క్యాంపస్ చూడబోయినప్పుడు, గైడు ఎన్ని దేశాలవాళ్ళున్నారో, ఎన్ని భాషలు మాట్లాడతారో చెప్పి ప్రశ్నలేమైనా ఉన్నాయా అంటాడు. చెయ్యెత్తి అడగండి: ఏడాదికి 65 వేల డాలర్ల లోపు సంపాదించే ఇళ్ళనుంచి వచ్చినవాళ్ళు ఇక్కడ నూటికి ఎంతమంది? అడిగితే సీటు పోతుందని భయమేస్తే, ఇంటికొచ్చాక మెరిట్ అనే మాట ఎత్తకండి.